భర్తీ ఎవరికి? ముట్టుడిగిన తర్వాత హార్మోన్ల మాట

2023 మార్చి 8న, అంతర్జాతీయ మహిళా దినోత్సవం నాడు, తెలంగాణ ప్రభుత్వం 'ఆరోగ్య మహిళ' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మొదట 100 ఆరోగ్య కేంద్రాల్లో ప్రతి మంగళవారం స్త్రీలకే ప్రత్యేకంగా క్లినిక్ నడుపుతామనీ, అందులో ఎనిమిది రకాల సేవలు అందిస్తామనీ ప్రకటించింది. రక్తపరీక్షలు, క్యాన్సర్ పరీక్షలు, నెలసరి సమస్యలు, సంతానలేమి, కుటుంబ నియంత్రణ మొదలైన వాటి మధ్య ఒక కొత్త అంశం కూడా ఉంది. అదే మెనోపాజ్. ముట్లు ఆగిన స్త్రీలకు పరీక్షలు చేసి, అవసరమైతే హార్మోన్ రీప్లేస్‌మెంట్ థెరపీ కూడా ఇస్తామని అందులో ఉంది.

మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్త్రీని ఇంతకాలం రెండే విధాలుగా చూసింది. కాన్పుకు వచ్చే స్త్రీ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోవడానికి వచ్చే స్త్రీ. ఆ రెండూ అయిపోయిన స్త్రీ ప్రభుత్వ వైద్యానికి కనిపించకుండా పోయింది. నలభై అయిదు దాటిన స్త్రీకి కూడా ఒంట్లో బాధలుంటాయనీ, వాటికి వైద్యం ఉందనీ ఒక సర్కారు జాబితాలో చేరడం చిన్న విషయం కాదు. అయితే జాబితాలో పేరుండటం వేరు, దవాఖానాలో మందు దొరకడం వేరు. అంతకంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఈ హార్మోన్లు ఎవరికి అవసరం? ఎవరికి అక్కర్లేదు? ఎవరికి ప్రమాదం? ఈ ప్రశ్నను నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల స్త్రీల వైపు నుంచి అడిగితే వచ్చే జవాబు, హైదరాబాదు కార్పొరేట్ ఆస్పత్రి కరపత్రంలో కనిపించే జవాబు కాదు.

నిండు వయసులో ఆగిన ముట్టు

ముట్లు ఆగడం జబ్బు కాదు. అందరికీ వచ్చే దశే. మన దేశంలో సహజంగా 46, 47 ఏళ్ళ ప్రాంతంలో వస్తుంది. పాశ్చాత్య దేశాల్లో 51 ప్రాంతంలో వస్తుంది. కొందరికి ఒంట్లో సెగలు, రాత్రిళ్ళు చెమటలు, నిద్ర పట్టకపోవడం, చిరాకు, యోని పొడిబారడం, పదేపదే మూత్రంలో మంట లాంటివి ఉంటాయి. కొందరికి ఏమీ ఉండవు. 'నెల నెలా ఈ పీడ పోయింది' అని హాయిగా ఊపిరి పీల్చుకునే వాళ్ళూ ఉన్నారు. ముట్టు పేరిట ఇంటి మూలన కూర్చోబెట్టే సమాజంలో ఆ హాయి అర్థం కానిదేమీ కాదు.

కానీ మన రెండు జిల్లాల్లో ముట్లు సహజంగా ఆగేదాకా ఉండనిచ్చిన స్త్రీలు ఎందరు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేసిన వాళ్ళు 3.3 శాతం. తెలంగాణలో 8.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం. అంటే దేశంలోకెల్లా మొదటి వరుసలో ఉన్నవి మన తెలుగు రాష్ట్రాలే. ఆపరేషన్ అయిన స్త్రీలలో దేశం మొత్తం మీద సగం మందికి 35 ఏళ్ళు దాటకముందే అది జరిగింది. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరిగాయి. ఈ సర్వే 49 ఏళ్ళ దగ్గర ఆగిపోతుంది కాబట్టి, పై వయసు వాళ్ళను కలిపితే సంఖ్య ఇంకా ఎక్కువే.

ఇదంతా ఎలా జరుగుతుందో పల్లెల్లో తెలియనిది కాదు. పద్ధెనిమిది నిండకుండా పెళ్ళి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళకు ఇద్దరో ముగ్గురో పిల్లలు. వెంటనే పిల్లల ఆపరేషన్. ఆ తర్వాత నడుంనొప్పి, తెల్లబట్ట, ఎక్కువ రక్తస్రావం. వీటిలో చాలావాటికి మందులతో నయమయ్యే ఇన్‌ఫెక్షన్లో, రక్తహీనతో, బరువు పనులో కారణం. కానీ ఊళ్ళో ఆరెంపీ పట్నంలోని నర్సింగ్‌హోముకు పంపిస్తాడు. అక్కడ స్కానింగ్ తీస్తారు. 'సంచికి పుండయింది, ఇట్లనే ఉంచితే క్యాన్సర్ అయితది' అంటారు. పిల్లలైతే అయిపోయారు, ఇంక ఈ సంచి ఎందుకన్న ఆలోచన ఇంట్లో అందరికీ ఉంది. నెలకు నాలుగు రోజులు కూలి పోగొట్టుకునే స్త్రీకి, పెద్ద మేస్త్రీ దగ్గర బాకీ తీసుకుని బొంబాయికో పుణెకో వలస పోయే స్త్రీకి, ముట్టు లేకపోవడం పనికి అనుకూలంగా కూడా కనిపిస్తుంది. పాలమూరు లేబరు పేరుతో దేశమంతా కాలువలు తవ్విన, భవనాలు కట్టిన ఆడవాళ్ళ ఒంటి మీద ఎన్ని లెక్కలు పనిచేశాయో ఇక్కడ చూడవచ్చు.

అవిభక్త మెదక్ జిల్లా మునిపల్లి మండలంలో డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి ఈ అనవసరపు ఆపరేషన్లను అధ్యయనం చేసి పదిహేనేళ్ళు దాటింది. గర్భసంచి తీయించుకున్న చిన్న వయసు స్త్రీల బతుకు ఆ తర్వాత ఎలా మారిందో వాళ్ళు ప్రజల ముందు పెట్టారు. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. పేదలకు పెద్ద ఆస్పత్రి తలుపు తెరిచిన పథకమే అది. కానీ ఆపరేషన్‌కు ఇంత అని డబ్బు కట్టిచ్చే ఏ పథకంలోనైనా, అవసరం లేని ఆపరేషన్ చేయాలన్న ఆశ పుడుతుంది. విమర్శలు వచ్చిన తర్వాత ఈ పథకం కింద గర్భసంచి ఆపరేషన్‌ను ప్రభుత్వ ఆస్పత్రులకే పరిమితం చేశారు. దానితో పథకం ఖర్చు తగ్గి ఉండవచ్చు. సొంత డబ్బు పెట్టి, అప్పు చేసి, పుస్తెలు కుదువబెట్టి నర్సింగ్‌హోముకు పోయే స్త్రీకి మాత్రం అది రక్షణ కాలేదు.

2013లో డాక్టర్ నరేంద్ర గుప్తా బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరుగుతున్న ఇలాంటి ఆపరేషన్ల మీద సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2023 ఏప్రిల్ 5న కోర్టు తీర్పు చెప్పింది. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను ఆపడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో తయారుచేసిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలులోకి తేవాలని ఆదేశించింది. ఆ మార్గదర్శకాల ప్రకారం జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో పర్యవేక్షణ కమిటీలు ఉండాలి. ఈ తీర్పు మన జిల్లాలకూ వర్తిస్తుంది.

తీసింది సంచేనా, ఇంకేమైనా తీశారా?

ఇక్కడే హార్మోన్ల సంగతి వస్తుంది. గర్భసంచి వేరు, అండాశయాలు వేరు. ఈస్ట్రోజన్ అనే హార్మోన్ వచ్చేది అండాశయాల నుంచి. గర్భసంచి ఒక్కటే తీస్తే నెలసరి ఆగుతుంది కానీ అండాశయాలు పని చేస్తూనే ఉంటాయి. అయితే అవి కూడా మామూలు కంటే కొన్నేళ్ళు ముందుగానే అలిసిపోతాయని అధ్యయనాలు చెబుతున్నాయి. సంచితో పాటు రెండు అండాశయాలూ తీసేస్తే మాత్రం, మరునాటి నుంచే ఆ స్త్రీ ముట్లుడిగిన స్త్రీ. 47 ఏళ్ళకు నెమ్మదిగా రావలసిన మార్పు 30 ఏళ్ళకు ఒక్కరోజులో వచ్చి పడుతుంది.

దాని ఫలితం సెగలూ చెమటలూ మాత్రమే కాదు. ఈస్ట్రోజన్ ఎముకలను కాపాడుతుంది. అది లేకపోతే ఎముకలు త్వరగా గుల్లబారతాయి. గుండెజబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. మెదడు మీద కూడా ప్రభావం ఉంటుంది. అందుకే 45 ఏళ్ళలోపు, ముఖ్యంగా 40 ఏళ్ళలోపు, అండాశయాలు పోయిన స్త్రీలకు, రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకి లేనప్పుడు, సహజంగా ముట్లు ఆగే వయసు దాకా హార్మోన్లు ఇవ్వాలని ప్రపంచమంతటా వైద్య సంఘాలు చెబుతున్నాయి. ఇది అందం కోసమో యవ్వనం కోసమో కాదు. ఒంట్లో ఉండవలసిన దాన్ని కోసి తీసేశారు కాబట్టి తిరిగి ఇవ్వడం.

మరి నాట్లు వేస్తూ, పత్తి ఏరుతూ, 32 ఏళ్ళకు రెండూ పోగొట్టుకున్న స్త్రీకి ఈ మాట ఎవరు చెబుతున్నారు? కుట్లు ఎండిన తర్వాత ఆస్పత్రికి ఆమెతో పని అయిపోయింది. ఆమె చేతికిచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. అందులో అండాశయాలు ఉంచారో తీశారో రాసి ఉన్నా ఆమెకు చదివి చెప్పేవాళ్ళు లేరు. చాలామంది దగ్గర ఆ కాగితం కూడా లేదు. తర్వాత అయిదేళ్ళకు కీళ్ళనొప్పులంటే కాల్షియం బిళ్ళలు, నిద్ర రాదంటే నిద్రమాత్రలు, గుండె దడ అంటే ఇంకో మందు. మూలం ఎక్కడుందో ఎవరూ అడగరు. 'నీకేం రోగం? సంచి తీయించినంక ఇంకేం బాధ?' అనే మాట మాత్రం ఇంట్లో వింటుంది.

మన మాటల్లోనే ఒక తేడా ఉంది. ఇంగ్లీషు నుంచి వచ్చిన 'రీప్లేస్‌మెంట్' అన్న మాటకు అర్థం భర్తీ చేయడం. పోగొట్టుకున్న దాన్ని తిరిగి నింపడం. ఈ మాట 32 ఏళ్ళకు అండాశయాలు పోయిన స్త్రీకి అక్షరాలా సరిపోతుంది. 60 ఏళ్ళ స్త్రీకి సరిపోదు. ఎందుకంటే ఆ వయసులో ఈస్ట్రోజన్ తగ్గడం లోటు కాదు, ప్రకృతి. కానీ మందుల వ్యాపారం ఈ మాటను సరిగ్గా తలకిందులు చేసింది. భర్తీ అవసరమైన వాళ్ళకు అది అందలేదు. అక్కర్లేని వాళ్ళకు దాన్ని అమ్మింది.

అమ్మకం చరిత్ర

అమెరికాలో 1942లో ప్రెమారిన్ అనే మందు మార్కెట్లోకి వచ్చింది. చూలు గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజన్ అది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు 'ఫెమినైన్ ఫరెవర్' అని ఒక పుస్తకం రాశాడు. ముట్లుడిగిన స్త్రీ ఒక రోగి అనీ, హార్మోన్ వేసుకుంటే ఎప్పటికీ ఆడతనం చెడదనీ అందులో ప్రచారం చేశాడు. ఆడదాని విలువంతా యవ్వనంలోనే ఉందన్న పాత నమ్మకానికి వైద్యం పేరుతో ముద్ర వేయడం అది. 1975లో, గర్భసంచి ఉన్న స్త్రీలకు ఒంటరిగా ఈస్ట్రోజన్ ఇస్తే సంచి లోపలి పొరకు క్యాన్సర్ వచ్చే ప్రమాదం పెరుగుతుందని బయటపడింది. అప్పటి నుంచి సంచి ఉన్న వాళ్ళకు ప్రొజెస్టిరోన్ కూడా కలిపి ఇవ్వడం మొదలైంది. తర్వాత గుండెజబ్బు రాకుండా కాపాడుతుందని చెప్పి, ఏ బాధా లేని స్త్రీలకు కూడా ఏళ్ళ తరబడి రాసిచ్చారు. అమెరికాలోని స్త్రీల ఆరోగ్య సంఘాలు 'రుజువేదీ?' అని గట్టిగా అడిగాయి.

ఆ రుజువు కోసం ప్రభుత్వ ఖర్చుతో జరిగిన పెద్ద పరిశోధనే విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్. రెండు హార్మోన్లూ కలిపి వాడిన విభాగంలో 16,608 మంది స్త్రీలున్నారు. వాళ్ళ సగటు వయసు 63. 2002 జూలైలో ఆ విభాగాన్ని గడువుకు ముందే ఆపేశారు. ఏడాదికి 10,000 మంది స్త్రీలలో, మందు వాడిన వాళ్ళకు రొమ్ము క్యాన్సర్లు 8, గుండెపోట్లు 7, పక్షవాతాలు 8, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు 8 అదనంగా వచ్చాయి. తుంటి ఎముక విరగడం 5, పెద్దపేగు క్యాన్సర్ 6 తగ్గాయి. గర్భసంచి తీసేసిన 10,739 మందికి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన రెండో విభాగాన్ని 2004లో ఆపారు. అందులో పక్షవాతం పెరిగింది, ఎముకలు విరగడం తగ్గింది, రొమ్ము క్యాన్సర్ మాత్రం పెరగలేదు.

ఈ అంకెలు వచ్చాక ప్రపంచమంతా భయపడింది. ఒక్కసారిగా లక్షల మంది మందు మానేశారు. సెగలతో నిద్ర లేక సతమతమయ్యే 50 ఏళ్ళ వాళ్ళకూ, చిన్న వయసులోనే అండాశయాలు పోయిన వాళ్ళకూ కూడా డాక్టర్లు 'వద్దు, క్యాన్సర్' అనేశారు. 63 ఏళ్ళ వాళ్ళ లెక్కను 35 ఏళ్ళ వాళ్ళకు వర్తింపజేయడం ఎంత తప్పో తర్వాత విశ్లేషణల్లో తేలింది. ముట్లు ఆగిన పదేళ్ళలోపు, 60 ఏళ్ళలోపు మొదలుపెట్టిన వాళ్ళకు ప్రమాదం తక్కువ, మేలు ఎక్కువ. 60 దాటాక కొత్తగా మొదలుపెడితే పక్షవాతం, గుండెజబ్బు, రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలు ఎక్కువ. 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల మీద ఉన్న ప్రధాన హెచ్చరికలను చాలావరకు తొలగిస్తామని ప్రకటించింది. దానితో గాలి మళ్ళీ రెండో వైపు వీస్తోంది.

మనం జాగ్రత్త పడవలసింది ఈ గాలి మార్పుల్లోనే. హెచ్చరిక తీసేస్తే 'ఇంక ఏ భయమూ లేదు, అందరూ వేసుకోండి' అని అమ్మేవాళ్ళు బయలుదేరతారు. హెచ్చరిక పెడితే 'ఎవరికీ వద్దు' అని చేతులు దులుపుకునే డాక్టర్లుంటారు. రెంటిలోనూ స్త్రీని వయసు ఎంత, సంచి ఉందా, అండాశయాలు ఉన్నాయా, బీపీ ఉందా, ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా అని అడిగే ఓపిక లేదు.

తెలుసుకోవలసిన నాలుగు సంగతులు

మన సంఘాల్లో ఈ విషయం మాట్లాడుకునేటప్పుడు కొన్ని సంగతులు స్పష్టంగా తెలిసి ఉండాలి. ఒకటి, సంచి ఉన్న స్త్రీకి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇవ్వకూడదు, రెండో హార్మోన్ కలపాలి. సంచి లేని స్త్రీకి సాధారణంగా రెండోది అక్కర్లేదు. అందుకే ఆపరేషన్ కాగితం ప్రాణంతో సమానంగా దాచుకోవాలి.

రెండు, హార్మోన్ ముఖ్యంగా పనిచేసేది సెగలు, చెమటలు, నిద్రలేమి, యోని పొడిబారడం వంటి బాధల మీద. ఎముకలకు కూడా రక్షణ ఇస్తుంది. గుండెజబ్బు రాకుండా ఉండటానికని మాత్రం దీన్ని వాడకూడదు. రొమ్ము క్యాన్సర్ వచ్చిన వాళ్ళకు, గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చిన వాళ్ళకు, కాళ్ళలో రక్తం గడ్డకట్టిన వాళ్ళకు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్ళకు దీన్ని ఇవ్వరు. చర్మం మీద అంటించే పట్టీలు, రాసుకునే జెల్లు రూపంలో వాడితే మాత్రల కంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం తక్కువని అధ్యయనాలు చూపుతున్నాయి.

మూడు, 65, 70 ఏళ్ళ స్త్రీలకు ఉండే మూత్రంలో మంట, యోని నొప్పి వంటి వాటికి ఒళ్ళంతా పారే హార్మోన్ అక్కర్లేదు. అక్కడికక్కడే రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ క్రీము సరిపోతుంది. దాని ప్రమాదం చాలా తక్కువ. ముసలామె అక్కడ నొప్పి అని చెప్పుకోవడానికి సిగ్గుపడుతుంది. డాక్టరు అడగడానికి సిగ్గుపడతాడు. మధ్యలో ఆమె ఏళ్ళ తరబడి యాంటీబయాటిక్‌లు మింగుతుంది. ముసలి స్త్రీకి కూడా శరీరం ఉందని ఒప్పుకోని సంస్కారమే దీనికి కారణం.

నాలుగు, ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్ళీ రక్తం కనిపిస్తే అది ముట్టు తిరిగి రావడం కాదు. మందు వాడుతున్నా, వాడకపోయినా తప్పనిసరిగా పరీక్ష చేయించుకోవాలి.

నల్లగొండ ఎముకలు

నల్లగొండ విషయంలో ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఇవాళ అరవై దాటిన స్త్రీలు తమ జీవితంలో చాలా భాగం ఫ్లోరైడ్ నీళ్ళే తాగారు. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్ళు వచ్చినంత మాత్రాన, ఎముకల్లో అప్పటికే పేరుకున్న ఫ్లోరైడ్ పోదు. ఫ్లోరైడ్ పేరుకున్న ఎముక ఎక్స్‌రేలో, ఎముక సాంద్రత పరీక్షలో దట్టంగా కనిపించవచ్చు. కానీ దట్టంగా ఉన్న ఎముక గట్టిగా ఉన్నట్టు కాదు. దీనికి మంచి రుజువు అమెరికాలోని మేయో క్లినిక్ నుంచే ఉంది. అక్కడ 1990లో వెలువడిన ఒక పరిశోధనలో, ఎముకలు గుల్లబారిన ముట్లుడిగిన స్త్రీలకు మందుగా సోడియం ఫ్లోరైడ్ ఇచ్చి చూశారు. వెన్నెముక సాంద్రత బాగా పెరిగింది. కానీ వెన్ను కాని మిగతా ఎముకలు విరగడం కూడా పెరిగింది. వాళ్ళు మందుగా ఇచ్చి చూసి వద్దనుకున్న దాన్ని మన ఆడవాళ్ళు బిందెలతో మోసుకొచ్చి తాగారు.

కాబట్టి హైదరాబాదులో 'ఎముకల పరీక్ష బాగుంది' అన్న మాట నల్లగొండ స్త్రీకి పూర్తి భరోసా కాదు. నడుంనొప్పితో వచ్చిన స్త్రీ ఏ ఊరి నీళ్ళు తాగి పెరిగింది, సంచి తీశారా, అండాశయాలు తీశారా అని మూడు ప్రశ్నలూ అడిగే వైద్యం కావాలి. ఇప్పుడు దానికి అవకాశం లేదనలేం. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. తర్వాత వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలోనూ కాలేజీలు వచ్చాయి. ఒకప్పుడు స్త్రీల డాక్టరు కోసం హైదరాబాదు బస్సెక్కవలసిన జిల్లాలివి. ఈ కాలేజీల స్త్రీల వైద్య విభాగాలు తమ చుట్టూ ఉన్న స్త్రీల చరిత్ర తెలుసుకోకపోతే, అవి ఉండీ మనకు దూరమే.

'పట్నం ఆడవాళ్ళ గోల' కాదు

హార్మోన్ల గురించి మాట్లాడితే కొందరు మిత్రులు 'కూలి గిట్టని చోట, భూమి లేని చోట ఇదేం గోల? ఇది పట్నంలో డబ్బున్న ఆడవాళ్ళ సమస్య' అంటారు. కానీ పై లెక్కలు చూస్తే చిన్న వయసులో ముట్లు ఆగిపోయిన స్త్రీలు ఎక్కువగా ఉన్నది పల్లెల్లో, చదువు లేని వాళ్ళలో, కూలి చేసుకునే వాళ్ళలో. ఎముక విరిగితే మంచాన పడటమే కాదు, కూలి పోతుంది, ఉపాధి హామీ పనికి పోలేదు, కోడలి చేతి కిందికి వస్తుంది. ఇది కూలి ప్రశ్న నుంచి వేరు కాదు.

ఇంకో వైపు నుంచి ఇంకో అభ్యంతరం వస్తుంది. స్త్రీల ఉద్యమం హార్మోన్లకు వ్యతిరేకంగా పోరాడింది కదా అని. నిజమే. పటాన్‌చెరులో స్త్రీలకు సరిగా చెప్పకుండా నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగం చేయబోతే హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన అడ్డుకుంది. 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. గర్భ పరీక్ష పేరుతో అమ్మిన ఎక్కువ మోతాదు హార్మోన్ మందులను నిషేధించాలని దేశవ్యాప్తంగా సంఘాలు కొట్లాడితే 1988లో నిషేధం వచ్చింది. 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' పుస్తకం మన శరీరాల గురించి మనమే తెలుసుకోవచ్చని తెలుగులో చెప్పింది. ఆ పోరాటాలన్నిటిలో అడిగింది ఒకటే. స్త్రీకి పూర్తి సంగతి చెప్పి, ఆమె ఒప్పుకుంటేనే మందు ఇవ్వాలని. హార్మోన్ అనే వస్తువు మీద పగ కాదది. చెప్పకుండా ఇవ్వడం ఎంత అన్యాయమో, అవసరమున్నా చెప్పకుండా దాచడం అంతే అన్యాయం. ఒప్పుకునే హక్కు, వద్దనే హక్కు రెండూ తెలుసుకునే హక్కు మీదే నిలబడతాయి.

హార్మోనే అన్నిటికీ మందు అని కూడా అనుకోనక్కర్లేదు. తైదంబలి, పాలు, నువ్వులు, పప్పు, కడుపునిండా తిండి, ఒంటికి తగిలే ఎండ, మోయలేని బరువుల నుంచి విడుదల, నిద్రకు సమయం, ఇవి ఏ వయసులోనైనా ఎముకకు కావాలి. అందరి తర్వాత, అందరూ తినగా మిగిలింది తినే స్త్రీకి హార్మోన్ బిళ్ళ ఒక్కటే ఇస్తే న్యాయం జరిగినట్టు కాదు.

అడగవలసినవి

ముందుగా, గర్భసంచి ఆపరేషన్ చేసే ప్రతి ఆస్పత్రీ, ప్రైవేటుదైనా సర్కారుదైనా, ఏం తీశారో, ఏం ఉంచారో, ఎందుకు తీశారో, ముక్క పరీక్షలో ఏం తేలిందో తెలుగులో రాసి ఇవ్వాలి. 45 ఏళ్ళలోపు అండాశయాలు తీస్తే, ఆ తర్వాత హార్మోన్ల గురించి చెప్పడం, ఎముకలూ గుండే చూడటం ఆపరేషన్‌లో భాగమే అని గుర్తించాలి. దాని ఖర్చు స్త్రీ మీద పడకూడదు.

సుప్రీంకోర్టు చెప్పిన పర్యవేక్షణ కమిటీలు ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి 2016లోనూ 2019లోనూ ఏర్పడిన కొత్త జిల్లాలన్నిటిలో పని చేయాలి. వాటి లెక్కలు అందరికీ కనపడేలా పెట్టాలి. ఏ ఆస్పత్రిలో ఏ వయసు వాళ్ళకు ఎన్ని ఆపరేషన్లు జరిగాయో బయటికి వస్తే సగం దందా అక్కడే ఆగుతుంది. కమిటీలో స్త్రీల సంఘాల ప్రతినిధులు కూర్చోవాలి.

'ఆరోగ్య మహిళ' పేరుతో ప్రకటించిన సేవల్లో మెనోపాజ్ వైద్యం ఏ కేంద్రంలో ఏ వారం అందుతోందో, ఏ మందులు ఉన్నాయో మండలం వారీగా చెప్పాలి. అక్కడ హార్మోన్ రాసే ముందు బీపీ, రొమ్ము పరీక్ష చేయాలి. మందు మొదలుపెట్టాక మళ్ళీ చూడాలి. ఒకసారి రాసిచ్చి వదిలేస్తే అది వైద్యం కాదు. ఆశా కార్యకర్తకు గర్భిణుల జాబితా ఉన్నట్టే, చిన్న వయసులో సంచి తీయించుకున్న స్త్రీల జాబితా కూడా ఉండాలి. ఆ అదనపు పనికి అదనపు పారితోషికం ఇవ్వాలి.

మనం చేయగలిగిన పని కూడా ఒకటుంది. ఊళ్ళో పొదుపు సంఘం సమావేశానికి వచ్చేటప్పుడు ఆపరేషన్ అయిన వాళ్ళందరూ తమ కాగితాలు తెచ్చుకోవాలి. చదువుకున్న ఆడపిల్లో, ఏఎన్ఎమ్మో చదివి, అండాశయాలు ఉన్నాయో లేవో ప్రతి ఒక్కరికీ చెప్పాలి. కాగితం లేని వాళ్ళు ఆస్పత్రికి వెళ్ళి నకలు అడగాలి. అది ఇవ్వడం ఆస్పత్రి బాధ్యత. ఒక్కరుగా అడిగితే 'రేపు రా' అంటారు. పదిమంది కలిసి వెళ్ళాలి. ఆ కాగితాల్లో 45 ఏళ్ళలోపు రెండు అండాశయాలూ పోయిన వాళ్ళు ఎందరున్నారో లెక్క రాసుకుని, ఆ లెక్కతోనే వచ్చే మంగళవారం ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి.